సరిహద్దు ఊళ్లకే ముందు ఓపిక పోయింది

ప్రశ్న: పోటీ పరీక్షలకు చదువుతున్నాను. ఆస్ట్రేలియాలో ఆరు కాలనీలు 1901లో ఒక్క దేశమయ్యాయట. ఎవరి ప్రభుత్వం వాళ్లకుండగా ఎందుకు కలిశారండీ? అందరూ ఇంగ్లీషువాళ్లే కాబట్టా?
– ఒక విద్యార్థి, పర్లాకిమిడి

జవాబు: ఆ మాట మీటింగుల్లో చప్పట్లకి పనికొచ్చింది గానీ బాబూ, అదొక్కటే చాలితే ఎప్పుడో కలిసేవారు. 2004 ముందు నౌపడలో పెద్ద రైలు దిగి, మూటలు మోసుకుంటూ గుణుపూర్ చిన్న రైలెక్కడం ఎలా ఉండేదో మీ ఇంట్లో పెద్దవాళ్లనడగండి, నా భుజానికైతే ఇంకా గుర్తుంది. సిడ్నీ నుంచి మెల్‌బోర్న్ వెళ్లేవాళ్లకి సరిహద్దులోని ఆల్బరీలో అదే పాట్లు, ఒకవైపు పట్టాల వెడల్పు 4 అడుగుల 8½ అంగుళాలు, అవతల 5 అడుగుల 3. పైగా కస్టమ్స్‌వాళ్లకి పెట్టె తెరిచి చూపించాలి, ఎందుకంటే మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా కాలనీ తన పరిశ్రమల కోసం సుంకాలు వేసేది, సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ చాలావరకు వద్దనేది. అందుకే 1891లో నాయకులు రాసి మూలన పడేసిన రాజ్యాంగ ముసాయిదా సంగతి మళ్లీ కదిలింది మర్రే నది ఒడ్డున కొరోవా అనే సరిహద్దు ఊళ్లో, 1893లో: ప్రతినిధుల్ని జనమే ఎన్నుకోవాలి, రాసినదాన్ని జనం ఓటుకే పెట్టాలి అని తీర్మానించారు.

రెండోది భయం. 1883లో క్వీన్స్‌లాండ్ కాలనీ తనకు ఉత్తరాన ఉన్న న్యూగినీ దీవిని కలిపేసుకున్నామంటే లండన్ ఒప్పుకోలేదు, మరుసటి ఏడాదే జర్మనీ అందులో ఈశాన్య భాగం పట్టుకుపోయింది. ఒక్క కాలనీ మాట లండన్‌లో చెల్లదని అందరికీ అర్థమైంది. విడివిడి సైన్యాలతో లాభం లేదని 1889లో ఒక బ్రిటిష్ సైనికాధికారి నివేదిక ఇస్తే, అదే ఏడాది న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వాధినేత హెన్రీ పార్క్స్ దాన్ని పట్టుకుని టెంటర్‌ఫీల్డ్‌లో (అదీ సరిహద్దు ఊరే) కాలనీలన్నీ ఒక్కటవుదాం రమ్మన్నాడు.

మూడోది చెప్పుకోడానికి సిగ్గైనది, తెల్లవాళ్లు కానివాళ్లని రానివ్వకూడదన్న పంతం. కలిసిన ఏడాదే, 1901లోనే, వలసల్ని అడ్డుకునే చట్టం చేశారు. మనవాళ్లకీ తలుపు మూశారు.

అయినా బేరం లేకుండా ఎవరూ సంతకం పెట్టలేదు. చిన్న కాలనీలు సెనేట్‌లో, అంటే పార్లమెంటు పైసభలో, పెద్దవాటితో సమానంగా ఆరేసి సీట్లు రాబట్టుకున్నాయి. న్యూ సౌత్ వేల్స్‌లో 1898 ఓటింగ్‌లో అవునన్నవాళ్లే ఎక్కువైనా, కావలసిన 80,000 రాలేదు. రాజధాని మా గడ్డ మీదే అని హామీ తీసుకున్నాకే మరుసటి ఏడాది గట్టెక్కింది, అదీ సిడ్నీకి కనీసం 100 మైళ్ల దూరంలో ఉండాలన్న షరతుతో. ఆ రాజధాని కాన్‌బెర్రా కట్టేదాకా, అంటే 1927 వరకు, పార్లమెంటు మెల్‌బోర్న్‌లోనే కూర్చుంది. ఆల్బరీలో రైలు మారకుండా వెళ్లే పట్టాలు మాత్రం 1962లో గానీ పడలేదు.