కెమిస్ట్రీ చదివిన అమ్మాయికి సర్క్యూట్ బోర్డుల ఫ్యాక్టరీలో ఏం పని?

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాది అనలిటికల్ కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ పూర్తిచేసింది. శ్రీసిటీ వైపు సర్క్యూట్ బోర్డులు చేసి యూరప్‌కి పంపే ఫ్యాక్టరీలో 'ఎన్విరాన్‌మెంటల్ కంప్లయన్స్ ట్రైనీ'గా ఆఫర్ వచ్చింది, చేరడానికి ఇంకా నెల టైముంది. నాయుడుపేటలో ఒక ఫార్మా కంపెనీ క్యూసీలో (మందుల నాణ్యత పరీక్షించే విభాగంలో) కూడా వచ్చేలా ఉంది. ఎలక్ట్రానిక్స్ ఉద్యోగమంటే ఫైళ్ళు సర్దే పని అంటున్నారు. కెమిస్ట్రీ వాళ్ళకి అక్కడ ఎదుగుదల ఉంటుందా? రేపు ఆ యూరప్ రూల్సే మారిపోతే పిల్ల గతేమిటి? – ఒక తండ్రి, గూడూరు

జవాబు: ఫైళ్ళ పని అని చెప్పినవాళ్ళు అబద్ధం చెప్పలేదండీ. ఫైళ్ళుంటాయి, బోలెడుంటాయి. అయితే ఆ ఫైళ్ళు సరిగా లేకపోతే సరుకు యూరప్‌లో అమ్ముడుపోదు. 2001 చివర్లో నెదర్లాండ్స్ అధికారులు సోనీ వారి ప్లేస్టేషన్ గేమ్ యంత్రాలు సుమారు 13 లక్షలు ఆపేశారు. యంత్రంలో లోపమేమీ లేదు. దానికి తగిలించే తీగల పైతొడుగులో కాడ్మియం ఎక్కువుంది, అంతే. సరిగ్గా క్రిస్మస్ అమ్మకాల ముందు సరుకు ఆగిపోయింది. తీగలు సోనీ సొంతంగా చేసినవి కావు, ఎవరో సప్లయర్ ఇచ్చినవి. ఆ దెబ్బతో సోనీ తన సప్లయర్లనే తనిఖీ చేసి, నెగ్గినవాళ్ళ దగ్గరే కొనే పద్ధతి పెట్టుకుంది. సరుకులో ఇలాంటి పదార్థాలు పరిమితి దాటకుండా చూడటమే మీ అమ్మాయికి వచ్చిన ఉద్యోగం, దాని మూలం అక్కడుంది.

అప్పటికి ఇప్పటి చట్టం లేదు. ఎలక్ట్రానిక్స్‌లో ప్రమాదకర పదార్థాలను కట్టడిచేసే 'రోస్' నిబంధనను యూరోపియన్ యూనియన్ 2006 జులై 1 నుంచి అమలు చేసింది. మొదట ఆరు పదార్థాలు: సీసం, పాదరసం, కాడ్మియం, క్రోమియంలో ప్రమాదకర రూపమైన హెక్సావాలెంట్ క్రోమియం, ప్లాస్టిక్ మండకుండా కలిపే రెండు రకాల బ్రోమిన్ రసాయనాలు. 2019 జులై 22 నుంచి ప్లాస్టిక్‌ను మెత్తబరిచే నాలుగు థాలేట్లు చేరి పదయ్యాయి. కాడ్మియం 0.01 శాతం, మిగతావి 0.1 శాతం దాటకూడదు.

ఈ శాతం దేనిమీద లెక్కిస్తారన్న దగ్గరే చాలామంది పొరబడతారు. ఫోను మొత్తం బరువు మీద కాదు. విడదీయడానికి ఇక వీలుకాని ప్రతి ఒక్క పదార్థం మీద. విస్తరి మొత్తంలో ఉప్పెంత అని చూడరు, పప్పులో ఎంత, పులుసులో ఎంత, పచ్చట్లో ఎంత అని విడివిడిగా చూస్తారన్నమాట. స్క్రూ మీద పూత ఒక పదార్థం, దాని లోపలి లోహం మరొకటి, తీగ తొడుగు ఇంకొకటి, విడిభాగాన్ని బోర్డుకి అతికించే ప్రతి సోల్డర్ చుక్కా ఒకటి. ఒక బోర్డులో వందల విడిభాగాలుంటాయి. మూలకాలు, రసాయనాల భాషలో వేసే ఈ ప్రశ్నలకు సర్క్యూట్ గీసే ఇంజినీరు జవాబు చెప్పలేడు. కెమిస్ట్రీ వాళ్ళే చెప్పాలి.

మీ అమ్మాయి ల్యాబ్ రికార్డు ఒకసారి తిరగేయండి. థాలేట్లు, బ్రోమిన్ రసాయనాలు చూడటానికి జీసీ-ఎంఎస్ అనే యంత్రం, సీసం, కాడ్మియం కొలవడానికి ఐసీపీ అనే మరో యంత్రం, హెక్సావాలెంట్ క్రోమియానికి రంగు తెప్పించి చూసే యూవీ స్పెక్ట్రోమీటర్. అనలిటికల్ వాళ్ళు చదివేవి ఇవే కదా! కొత్తగా నేర్చుకోవలసింది ఎక్స్ఆర్ఎఫ్ ఒక్కటే. ఎక్స్-రే పంపి, నమూనాను కరిగించకుండా నిమిషాల్లో మూలకాలు చెప్పే యంత్రం అది. అయితే అది క్రోమియం ఉందని చెబుతుందేగానీ ఏ రూపంలో ఉందో చెప్పలేదు, బ్రోమిన్ ఉందంటుందేగానీ ఏ సమ్మేళనమో చెప్పలేదు. అనుమానం వచ్చిన నమూనాను అసలు పరీక్షకి పంపాలా, ఊరికే వదిలేయాలా అని తేల్చడమే ఈ ఉద్యోగంలో తెలివి.

మీ రెండో భయం, రూల్స్ మారితే? మారతాయి. ఇరవై ఏళ్ళుగా మారుతూనే ఉన్నాయి, కానీ పెరిగే వైపే. యూరప్‌దే 'రీచ్' అనే ఇంకో చట్టముంది. తీవ్ర ఆందోళన కలిగించే పదార్థాల జాబితా దాని కింద ఏడాదికి సాధారణంగా రెండుసార్లు పెరుగుతుంది. ఇప్పటికే 240 దాటాయి. వాటిలో ఏదైనా ఒక వస్తువులో 0.1 శాతానికి మించి ఉంటే కొన్నవాళ్ళకి చెప్పాలి. 2027 ఫిబ్రవరి నుంచి విద్యుత్ వాహనాల బ్యాటరీలకు, వాటి వివరాలన్నీ చెప్పే డిజిటల్ పాస్‌పోర్టు ఉండాలని 2023 నాటి బ్యాటరీ చట్టం అంటోంది. మన దేశంలోనూ 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నియమాల్లో ఆ మొదటి ఆరు పదార్థాలకు అవే పరిమితులున్నాయి. అంటే ఎగుమతి లేని ఫ్యాక్టరీకి కూడా ఈ మనిషి కావాలి.

ఇక ఇందులో కష్టం. కొన్నేళ్ళ క్రితం నా దగ్గర సలహా తీసుకుని ఇలాంటి ఉద్యోగంలోనే చేరిన ఒక అబ్బాయి ఓ రాత్రి ఫోన్ చేశాడు. ఫ్యాక్టరీ పేరు ఎందుకులెండి. లైన్ మీద అంతా సీసం లేని సోల్డరే. తగరం, కొద్దిగా వెండి, రాగి కలిసిన మిశ్రమం. పాత తగరం-సీసం సోల్డర్ 183 డిగ్రీలకే కరిగేది, ఇది 217 దాటితేగానీ కరగదు. బోర్డూ విడిభాగాలూ ఆ వేడికి తట్టుకోవాలి, అతుకు కూడా మునుపటిలా నిగనిగలాడదు. చేత్తో రిపేరు చేసే బల్ల దగ్గర ఒక పెద్దాయన, తొందరగా కరుగుతుందని, నున్నగా వస్తుందని, పాత సీసం తీగే వాడేశాడు. ఎక్స్ఆర్ఎఫ్‌లో పట్టుకున్నది మన అబ్బాయే. 'నాలుగు చుక్కలకోసం లాట్ మొత్తం ఆపుతావా' అని పైవాళ్ళు గట్టిగా అరిచారట. రెండు రోజులు వాడికి నిద్ర లేదు. చివరికి ఆ బోర్డులు పక్కనపెట్టి, రిపేరు బల్లలన్నిటి మీదా సోల్డరింగ్ ఐరన్ మొనలతో సహా అన్నీ మార్చారు. వాడు సంతకం పెట్టేసి ఉంటే ఏమయ్యేదో అనుకుంటే నాకు ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. పైగా రోస్ పత్రాలు సరుకు మార్కెట్లోకి వెళ్ళిన తర్వాత పదేళ్ళు దాచాలి. ఎప్పుడు అడిగినా చూపాలి.

కాబట్టి మీ అమ్మాయి తత్వమేమిటో మీరే చెప్పాలి. పెద్దవాళ్ళు గట్టిగా మాట్లాడినా నెమ్మదిగా, లెక్క చూపించి, 'కాదండీ' అనగలదా? అనగలిగితే ఇది తనకోసం పుట్టిన పని. మొహమాటం బాగా ఎక్కువైతే ముందు రెండేళ్ళు ఫార్మా క్యూసీలో చేయనివ్వండి. అక్కడ డేటాను, ఆడిట్లను చూసే క్రమశిక్షణ అబ్బుతుంది, తర్వాత ఇటు రావచ్చు. రెండూ దూరపు దారులు కావు. నన్నడిగితే మాత్రం ఎలక్ట్రానిక్స్ వైపే మొగ్గుతాను. మన దగ్గర ఫార్మా క్యూసీకి వేలమంది పోటీ ఉన్నారు, దీన్ని ఉద్దేశపూర్వకంగా నేర్చుకున్నవాళ్ళు అరుదు.

చేరేముందు కంపెనీని ఒక మాట అడగమనండి: ఎక్స్ఆర్ఎఫ్ సొంతంగా ఉందా, ట్రైనీలను దాని దగ్గరికి రానిస్తారా? కేవలం సప్లయర్ల డిక్లరేషన్లు మెయిల్లో తెప్పించి ఎక్సెల్లో ఎక్కించడమే అయితే ఏడాదిలో విసుగొస్తుంది, చదివిన కెమిస్ట్రీ మరిచిపోతుంది. యంత్రం ముట్టనిస్తే, లైన్ మీదికి పంపితే కళ్ళు మూసుకుని చేరవచ్చు. పరీక్షల వైపు ఇంకా లోతుకెళ్ళాలనిపిస్తే హైదరాబాద్ చర్లపల్లిలో సీ-మెట్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థకి రోస్ పరీక్షల ల్యాబ్ ఉంది, అక్కడ ప్రాజెక్టు అవకాశాల కోసం ప్రయత్నించవచ్చు.

చేరడానికి ఇంకా నెల టైముందని రాశారు. ఈలోగా రోస్ చట్టం అసలు పాఠం యూరోపియన్ యూనియన్ వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతుంది, మినహాయింపుల పట్టికతో సహా చదవమనండి. కొన్ని రాగి మిశ్రమాల్లో 4 శాతం దాకా సీసాన్ని ఎందుకు అనుమతించారో తనే వెతికి మీకు వివరించమనండి. వివరిస్తున్నప్పుడు కళ్ళలో ఉత్సాహం కనిపిస్తే శ్రీసిటీ దగ్గర హాస్టల్ చూడటం మొదలుపెట్టండి.