కారు కడిగిన నీళ్లు ఎక్కడికి పోతున్నాయి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే సంగతి మీద ఉన్నాయి: ఇంటి దగ్గరికే వెళ్లి, నీళ్లు పెద్దగా వాడకుండా కార్లు శుభ్రం చేసే వ్యాపారం. హైదరాబాద్‌లో నేను చేస్తున్న పని ఇదే కాబట్టి దాపరికం లేకుండా, నాకు తగిలిన దెబ్బలతో సహా చెబుతాను.

ప్రశ్న: అన్నా, మాది ఖమ్మం దగ్గర ఊరు. ఆటోమొబైల్ డిప్లొమా చేసి నాలుగేళ్లు ఒక సర్వీస్ సెంటర్‌లో పనిచేశాను. హైదరాబాద్ వచ్చి నీళ్లు లేకుండా కార్లు కడిగే పని మొదలుపెడదామనుకుంటున్నా. చేతిలో లక్షన్నర ఉంది. నీళ్లు లేకుండా తుడిచే ద్రవం వాడితే గీతలు పడవని దాని సీసా మీద రాస్తున్నారు, నిజమేనా? ఏమేం కొనాలి?

జవాబు: తమ్ముడూ, ముందు గీతల సంగతి చూద్దాం, ఈ పనిలో పేరొచ్చినా పోయినా దానితోనే. కారు రంగు మీద క్లియర్ కోట్ అని ఒక పారదర్శకమైన పొర ఉంటుంది. అది 40, 50 మైక్రాన్ల మందం, అంటే నీ తల వెంట్రుక కంటే పలచన. దాని మీద ఇసుక రేణువును పెట్టి గుడ్డతో నొక్కి లాగితే గీత పడక ఏమవుతుంది? సీసాలో ఉన్న ద్రవం చేసే పనల్లా ఆ రేణువును చుట్టుకుని, జారుడుగా చేసి, పైకి లేపడం. దుమ్ము మాత్రమే ఉంటే అది బాగానే పనిచేస్తుంది. ఎండిన బురద ఉంటే ఏ సీసా ఆపలేదు.

ఇది నాకు మొదటి వానాకాలంలోనే తెలిసొచ్చింది. నల్ల రంగు సెడాన్, ముందు రోజు వానలో ఊరెళ్లి వచ్చిన బండి, చక్రాల పైన బురద గట్టిపడి ఉంది. నీళ్లు వాడనని మాటిచ్చాను కదా అని దాని మీదే స్ప్రే కొట్టి తుడిచేశాను. సెల్లార్‌లో అద్దంలా కనిపించింది. మర్నాడు ఉదయం ఓనర్ బండిని ఎండలో నిలబెట్టి ఫోన్ చేశారు, బానెట్ నుంచి డోర్ వరకు సాలెగూడు అల్లినట్టు సన్నటి గీతలు. ఆయన గొంతు పెంచలేదు, "ఒకసారి వచ్చి చూడండి" అన్నారంతే, నాకు మాత్రం రెండు రోజులు నిద్ర పట్టలేదు. పాలిష్ ఖర్చు నేనే పెట్టుకున్నాను. అప్పటి నుంచి నా బండిలో 5 లీటర్ల పంప్ స్ప్రేయర్ ఒకటి ఉంటుంది, పొలంలో మందు కొట్టే దాని చిన్న రూపం. బురద ఉంటే ముందు దానితో నానబెట్టి, జారనిచ్చి, ఆ తర్వాతే గుడ్డ తీస్తాను. పైపు పెట్టి కడిగితే వంద లీటర్లు దాటిపోయే చోట ఇలా 15 లీటర్లలోపు అయిపోతుంది. బురద పట్టిన బండికి నీళ్లు లేకుండా చేస్తామని నువ్వు మాత్రం ఎవరికీ మాటివ్వకు.

ఇక తుడిచే తీరు. మైక్రోఫైబర్ గుడ్డను రెండుసార్లు మడిస్తే నాలుగు పొరలవుతుంది, తిప్పుకుంటూ పోతే ఎనిమిది ముఖాలు దొరుకుతాయి. ద్రవం కొట్టి అర నిమిషం ఆగు. గుడ్డను నొక్కకుండా, గుండ్రంగా తిప్పకుండా, ఒక్క దిశలో లాగి పైకెత్తు. ముఖం చూడు, నల్లగా ఉందా, తిప్పు. డోర్‌కి రెండు ముఖాలు, బానెట్‌కి ఒక గుడ్డ, ఇలా కారుకి ఏడెనిమిది గుడ్డలు పడతాయి. పైకప్పు దగ్గర మొదలుపెట్టి కిందికి రా, డోర్ల కింది భాగం చివర్న. చక్రాలకు వాడిన గుడ్డ ఎప్పటికీ చక్రాలకే, రంగు వేరుగా పెట్టుకో. కింద పడిన గుడ్డను దులిపి మళ్లీ వాడకు, దాంట్లో ఇరుక్కున్న ఒక్క రేణువు చాలు. రోజుకు నాలుగు కార్లనుకుంటే నీకు కనీసం 40 గుడ్డలు కావాలి. అందుకే నేనైతే మెషీన్ల మీద కాకుండా ముందు గుడ్డల మీద డబ్బు పెట్టమంటాను.

బకెట్ పద్ధతి కూడా నేర్చుకో, దుమ్ము ఎక్కువున్న బండికి అదే మేలు. 8, 10 లీటర్ల నీళ్లలో రిన్స్‌లెస్ ద్రవం (తుడిచాక మళ్లీ నీళ్లతో కడగక్కర్లేనిది) ఒక మూత కలిపి, పది గుడ్డలు అందులో నానేసి, ఒక్కొక్కటే తీసి వాడు. మురికైన గుడ్డ తిరిగి ఆ బకెట్‌లోకి పోకూడదు. ఇంటికెళ్లాక ఆ గుడ్డల్ని మామూలు బట్టలతో కలపకుండా, బట్టలు మెత్తబడటానికి వేసే కండిషనర్ వేయకుండా, చల్లటి నీళ్లలోనో గోరువెచ్చటి నీళ్లలోనో ఉతుకు, మరిగే నీళ్లు పోస్తే దాని పోగులు గట్టిపడతాయి. మొదటి జాడింపు నీళ్లను ఒకసారి బకెట్‌లో పట్టి చూడు, తారు నీళ్లలా ఉంటాయి. అందులో బ్రేకుల పొడి ఉంటుంది, టైరు అరిగిన రజను ఉంటుంది, నూనె జిడ్డు ఉంటుంది. రోడ్డు మీద పైపుతో కడిగినప్పుడు అదంతా వాననీటి కాలవలోకి, అక్కడి నుంచి నాలాలోకి, నాలా నుంచి మూసీలోకి పోతోంది. నీళ్ల పొదుపు కాక మన పనిలో పర్యావరణానికి మేలు చేసే అసలు సంగతి ఇదే, ఆ మురికి నాలాలో పడకుండా మన గుడ్డలో ఉండిపోవడం.

వ్యాక్యూమ్ నడపడానికి బ్యాటరీ వెంట తీసుకెళ్దామనిపిస్తుంది, ఆ కరెంటు గురించి ఒక లెక్క. 12 వోల్టుల 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీలో ఉండేది 1,800 వాట్-అవర్లు, బ్యాటరీ పాడవకుండా వాడుకోగలిగేది అందులో సగం. 1,000 వాట్ల వ్యాక్యూమ్ క్లీనర్ 20 నిమిషాలు నడిపితే ఇన్వర్టర్‌లో పోయేదానితో కలిపి 400 వాట్-అవర్ల దాకా లాగుతుంది, అంటే రెండు కార్లకే బ్యాటరీ అయిపోతుంది. పైగా దాని బరువు యాభై కిలోల పైమాటే. మొదట్లో అదేమీ వద్దు, స్కూటరు మీద రెండు పెట్టెలు, చిన్న వ్యాక్యూమ్, పొడవాటి ఎక్స్‌టెన్షన్ వైరు చాలు. ఓనర్ని ప్లగ్ పాయింట్ అడుగు, ఒక్క కారుకు అయ్యేది యూనిట్‌లో మూడో వంతు, ఎవరూ కాదనరు. లక్షన్నరలో సగం కంటే ఎక్కువ ఖర్చు పెట్టకు, మిగతాది ఆరు నెలల తిండికి, గది అద్దెకు ఉంచుకో.

ప్రశ్న: నేనూ మా ఆయనా విజయవాడలో ఈ పని మొదలుపెట్టి మూడు నెలలైంది. అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్లు మమ్మల్ని లోపలికి రానివ్వడం లేదు, వాళ్లు కార్లు కడిగేది పైపుతో, రోజూ సెల్లార్ అంతా నీళ్లే. అసోసియేషన్‌కి ఫిర్యాదు చేయమంటారా?

జవాబు: వద్దమ్మా, దయచేసి ఆ పని చేయకండి. వాచ్‌మన్‌కి ఇచ్చే జీతం ఎంతో మీకూ తెలుసు, ఆ ఇల్లు గడిచేది ఇస్త్రీ బట్టల మీద, తెల్లారగట్ల లేచి కడిగే కార్ల మీద. ఆయన భార్య చలికాలంలో ఐదింటికి ఆ చన్నీళ్లలో చేతులు పెడుతుంది. పర్యావరణం పేరు చెప్పి ఆవిడ నోటి దగ్గర కూడు తీసే వ్యాపారం మనకొద్దు, అలా వచ్చిన గిరాకీ నిలవదు కూడా.

నేను చేసింది చెబుతాను. రోజువారీ తుడుపు జోలికి నేను పోను, అది వాళ్లదే. నెలకో రెణ్నెల్లకో ఒకసారి చేసే పని నాది: లోపల సీట్లు, కార్పెట్లు, ఏసీ గ్రిల్లులు, బయట పాలిష్, వ్యాక్స్. వ్యాక్స్ పట్టించిన కారు మీద దుమ్ము గట్టిగా అంటుకోదు, తుడవడం తేలిక, అంటే వాచ్‌మన్‌కి కూడా పని తగ్గుతుంది. ఈ ముక్క ఆయనకు చేసి చూపించండి. రెండు బకెట్లు, పది గుడ్డలు, ఒక సీసా ఆయన చేతికివ్వండి, ఎలా మడవాలో నేర్పండి, ఆయన చెప్పి పంపిన ప్రతి కారుకూ కమిషన్ ఇవ్వండి. మా దగ్గర ఒక అపార్ట్‌మెంట్‌లో పాత బనియన్ గుడ్డతో పదహారు కార్లు తుడిచే ఆయన ఇప్పుడు కారుకో గుడ్డ చొప్పున నంబర్లు కుట్టించి తీగ మీద ఆరేస్తున్నాడు, పైపు తీసి నెలలైంది. అక్కడ నాకు ఏ బోర్డూ అక్కర్లేదు, నా మాట చెప్పేది ఆయనే. మీరిద్దరూ కలిసి వెళ్తున్నారు కాబట్టి ముందు వాచ్‌మన్ భార్యతో మీరు మాట్లాడండి, మీ ఆయన్ని తర్వాత రమ్మనండి.

ప్రశ్న: సార్, మాది అనంతపురం, బెంగళూరులో ఉద్యోగం. 2024 మార్చిలో తాగునీళ్లతో బండి కడిగితే 5,000 రూపాయల జరిమానా అన్నప్పటి నుంచి ఆర్ఓ ఫిల్టర్ వదిలేసిన నీళ్లు పట్టి కారు కడుగుతున్నాను. కారంతా తెల్లమచ్చలు పడ్డాయి. ఎందుకు?

జవాబు: మీ ఆలోచన మంచిదే, నీళ్లే సరైనవి కావు. ఫిల్టర్ మంచినీళ్లు మనకిచ్చి అందులోని కాల్షియం, మెగ్నీషియం ఉప్పుల్ని చాలావరకు ఆ వదిలేసే నీళ్లలోకి తోస్తుంది, కాబట్టి అవి ఫిల్టర్‌లోకి వెళ్లిన నీళ్ల కన్నా కటువు. కారు మీద నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగిలిపోతుంది, ఎండలో కడిగితే మరీను. ఆ నీళ్లతో గచ్చు తుడవండి, బాత్రూమ్ కడగండి.

కారుకు కావాల్సిన నీళ్లు మీ ఇంట్లోనే ఇంకోచోట కారుతున్నాయి. ఏసీ పైపు కింద బకెట్ పెట్టండి. అది గాలిలోని తేమ చల్లబడి కారిన నీరు, దాంట్లో ఉప్పులు దాదాపు ఉండవు. పల్చటి గుడ్డతో వడకట్టి ద్రవం కలుపుకోవడానికి వాడుకోండి, మచ్చ మిగలదు. విజయవాడ, విశాఖ లాంటి ఉక్కపోత ఊళ్లలో రాత్రికి బకెట్ నిండుతుంది, మీ బెంగళూరులో కాస్త ఓపిక పట్టాలి. నేను టీడీఎస్ మీటరు, అంటే నీళ్లలో కరిగిన ఉప్పులు ఎన్నున్నాయో చూపేది, జేబులో పెట్టుకునే తిరుగుతాను, చిన్న పెన్ను లాంటిది, కొత్త అపార్ట్‌మెంట్‌కి వెళ్తే కొళాయి నీళ్లలో ముంచి చూశాకే బకెట్ నింపుతాను.

ఇప్పుడున్న మచ్చలు కొత్తవైతే తెల్ల వెనిగర్, నీళ్లు సమంగా కలిపి, నీడలో, బానెట్ చల్లగా ఉన్నప్పుడు గుడ్డతో అద్ది నిమిషం ఆగి తుడవండి, వెంటనే మంచినీళ్లలో తడిపిన గుడ్డతో ఇంకోసారి. పోకపోతే మాత్రం గోకకండి, పాలిష్ చేసేవాళ్లకు చూపించండి. పక్షి రెట్టకు ఇదేదీ పనికిరాదు, అది ఎండలో గంటల్లోనే పొరను తినడం మొదలుపెడుతుంది, కనిపించిన వెంటనే తడి గుడ్డ కప్పి నానబెట్టి ఎత్తేయాలి.

ప్రశ్న: కారు కింద డీజిల్ కొట్టమని, టైర్లకు కూడా పూయమని కస్టమర్లే అడుగుతున్నారు. చేయకపోతే వేరే వాళ్ల దగ్గరికి పోతామంటున్నారు. – కరీంనగర్

జవాబు: పోనివ్వండి. డీజిల్ రబ్బరును ఉబ్బిస్తుంది, కారు కింద ఉండే రబ్బరు బుష్‌లు, టైరు పక్క గోడలు దెబ్బతింటాయి. పైగా ఆ జిడ్డుకు రెండో రోజుకే దుమ్మంతా పట్టేస్తుంది. మిగిలింది చుక్కచుక్కగా నేల మీద కారి, మొదటి వానకు చెరువులోకి. టైరుకు మెరుపు తెచ్చేందుకు నీటి ఆధారంగా చేసిన టైర్ డ్రెస్సింగ్ ఉంటుంది, పాలలా తెల్లగా కనిపిస్తుంది, స్పాంజితో పూసి పది నిమిషాలు ఆరనివ్వండి. ఒక్క టైరుకు పూసి పక్క టైరు వదిలేసి వారం తర్వాత ఆయన్నే చూసుకోమనండి. నా అనుభవంలో ఆ తర్వాత డీజిల్ అడిగినవాళ్లు తక్కువ.

ప్రశ్న: లోన్ వస్తుందా? జీఎస్టీ కట్టాలా?

జవాబు: ఏడాది రాబడి 20 లక్షలు దాటేవరకు సేవలకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. చిన్న వ్యాపారాలు కేంద్ర ప్రభుత్వం దగ్గర చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితం, దానికి ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి. చిన్న వ్యాపారాలకు బ్యాంకులిచ్చే ముద్ర లోన్లలో శిశు అనే రకం కింద 50,000 రూపాయల వరకు ఇస్తారు, ఈ పనికి మొదటి మెట్టుగా సరిపోతుంది. పెద్దగా, ఎలక్ట్రిక్ కార్గో ఆటోతో చేయాలనుకుంటే కేంద్రం సబ్సిడీతో లోన్ ఇప్పించే పీఎంఈజీపీ పథకం చూడండి, సేవా రంగంలో 20 లక్షల ప్రాజెక్టు వరకు, మీ వర్గాన్ని, ఊరు పల్లెనా పట్టణమా అన్నదాన్ని బట్టి 15 నుంచి 35 శాతం సబ్సిడీ ఉంటుంది. అయితే ఈ సబ్సిడీ కొత్తగా పెట్టే యూనిట్లకే, పని మొదలుపెట్టేశాక వెళ్తే ఇది రాదు.

ప్రశ్న: బయోడిగ్రేడబుల్ అని రాసి ఉన్న షాంపూ వాడితే ఆ నీళ్లు ఎక్కడ పోసినా ఫర్వాలేదు కదా?

జవాబు: ఫర్వా ఉంది. ఆ మాటకు అర్థం కొన్ని రోజుల్లో, వారాల్లో అది విరిగిపోతుందని, పోసిన క్షణాన మంచినీళ్లయిపోతుందని కాదు. విరిగేలోపు కాలవలో ఉన్న చేపకు సబ్బు సబ్బే. పైగా షాంపూ విరిగిపోయినా అందులో కలిసిన బ్రేకు పొడి, నూనె ఎక్కడికీ పోవు. మైక్రోఫైబర్ కూడా ప్లాస్టిక్ పోగే, ఉతికిన ప్రతిసారీ కాస్త రాలుతుంది, నాకింకా దీనికి పూర్తి దారి దొరకలేదు. వాషింగ్ మెషీన్ గొట్టానికి సన్నటి జాలీ సంచి కట్టి, అందులో చేరిన పోగుల నూగును చెత్తలో వేస్తున్నాను. చివర్న బకెట్‌లో మిగిలిన నీళ్లను వాననీటి కాలవలోకి పోయే సెల్లార్ డ్రెయిన్‌లో గానీ, చెట్టు మొదట్లో గానీ పోయకండి, వాచ్‌మన్ గది పక్క బాత్రూమ్‌లో పోయండి, అది మురుగు డ్రైనేజీలోకి పోతుంది, గేటెడ్ కమ్యూనిటీ అయితే వాళ్ల సొంత శుద్ధి ప్లాంటుకే చేరుతుంది. బకెట్ అడుగున పేరుకున్న ఇసుకను మాత్రం ఒక పాత డబ్బాలో తీసుకెళ్లి పొడి చెత్తలో వేయండి, బాత్రూమ్ పైపు బ్లాక్ అయితే మళ్లీ ఆ గేటు మీకు తెరవరు.