ఈసీయూ ట్యూనింగ్ నేర్చుకుంటానంటే అంత భయమెందుకు?

ప్రశ్న: మాది చిత్తూరు. మా అబ్బాయి తిరుపతిలో మెకానికల్ డిప్లొమా ఆఖరి సంవత్సరం చదువుతున్నాడు. ఇంట్లో పాత డీజిల్ కారు ఒకటుంది. ల్యాప్‌టాప్ పెట్టి దాని ఇంజన్ కంప్యూటర్‌ను తనే ట్యూన్ చేస్తానని పట్టుబట్టాడు. బెంగళూరులో ఎవరో పది రోజుల్లో రీమ్యాపింగ్ నేర్పిస్తారట, ఫీజు లక్షకు పైనే. ఈసెట్ రాసి బీటెక్‌లో చేరు, తర్వాత కంప్యూటర్ ఉద్యోగం చూసుకో అంటే వినడం లేదు. ఇంత చదివించి చివరికి షెడ్డులో కూర్చోబెట్టాలా? రీమ్యాపింగ్, బీటెక్ పోల్చి ఏది మేలో చెప్పండి. – ఒక తండ్రి

సమాధానం: పోలిక అడిగారు గానీ, మీ మనసును పీకుతున్నది అది కాదు. రేపు పెళ్లిలో బంధువులు చుట్టూ చేరి ‘మీవాడేం చేస్తున్నాడు’ అంటే ఏం చెప్పాలన్నదే మీ బెంగ. కారు బదులు డ్రోన్ అనో, కెమెరా అనో రాసి ఇదే బెంగ నాకు చెప్పుకునే తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. కాబట్టి ముందు దానికే జవాబిస్తాను. మీవాడు దారి తప్పలేదు. ఇంజనీరింగ్‌లో బుర్రకు బాగా పని చెప్పే విషయాల్లో ఒకదాని మీద మనసు పెట్టుకున్నాడు. దాన్ని ఎక్కడ, ఎవరి దగ్గర మొదలుపెట్టాలో మాత్రం తెలియక తడబడుతున్నాడు.

మీ కారు ఈసీయూలో, అంటే ఆ ఇంజన్ కంప్యూటర్‌లో ఏముంటుందో ఒకసారి చూడండి. చాలావరకు పట్టికలు. ఒకవైపు ఇంజన్ ఎంత వేగంగా తిరుగుతోంది, ఇంకోవైపు దాని మీద ఎంత లోడు ఉంది. ఆ రెండూ కలిసే గడిలో ఒక అంకె. ఆ క్షణంలో ఎంత డీజిల్ చిమ్మాలి, ఎప్పుడు చిమ్మాలి, టర్బో ఎంత గాలి నెట్టాలి అన్నవన్నీ ఇలాంటి గడులే చెబుతాయి. పాత కార్లలో ఈ పట్టికలు ఈప్రామ్ చిప్‌లో ఉండేవి. దాన్ని ఊడదీసి, అంకెలు మార్చిన చిప్ పెట్టేవాళ్లు. ఇప్పుడవి ఫ్లాష్ మెమరీలో ఉంటున్నాయి. డ్యాష్‌బోర్డు కింద ఉండే 16 పిన్నుల ఓబీడీ సాకెట్‌కు వైరు తగిలించి గానీ, ఈసీయూను విప్పి బల్ల మీద పెట్టి గానీ చదువుతారు, రాస్తారు.

ఈ అంకెలు మార్చడాన్నే రీమ్యాపింగ్ అంటారు. అంకె మార్చడం తేలిక. మార్చాక జరిగేది తెలియడమే కష్టం. 1800 ఆర్‌పీఎం దగ్గర డీజిల్ పెంచారనుకోండి. గాలి పెరగకపోతే నల్లపొగ వస్తుంది, పొగగొట్టం వైపు వేడి పెరుగుతుంది. గాలి పెంచితే టర్బో దాని హద్దు దాటి తిరగాల్సి రావచ్చు. రెండూ సరిపోయాయనుకున్నా, తక్కువ టార్కుకు, అంటే తక్కువ తిప్పుడు బలానికి లెక్కకట్టి పెట్టిన క్లచ్ జారడం మొదలెడుతుంది. పైగా టార్కు పరిమితికి ఒక పట్టిక, పొగ పరిమితికి ఒక పట్టిక, రైలు ప్రెషర్‌కు, అంటే ఇంజెక్టర్లకు డీజిల్ అందించే గొట్టంలోని ఒత్తిడికి ఒక పట్టిక. ఒకదాన్ని కదిపితే మిగతావి అడ్డుపడతాయి. అన్నీ మార్చాక చెక్‌సమ్, అంటే ఫైలు చెడిపోలేదని ఈసీయూ సరిచూసుకునే లెక్క సరిచేయకపోతే బండి స్టార్ట్ కాకపోవచ్చు. రాస్తుండగా బ్యాటరీ వోల్టేజీ పడిపోతే ఈసీయూ సగంలోనే చచ్చిపోతుంది. అందుకే తెలిసినవాళ్లు నిలకడగా కరెంటిచ్చే పవర్ సప్లై తగిలించనిదే రాయడం మొదలుపెట్టరు. ‘ఈ ఒక్క గడి మారిస్తే ఇంకా ఏవేవి మార్చాలి?’ అని మీవాణ్ణి కూర్చోబెట్టి అడగండి. జవాబు తడుముకుంటే వాడింకా రాసే దశకు రాలేదని అర్థం.

ఇక ఆ పది రోజుల కోర్సు. ఫోన్లో రీల్స్ చూసి పిల్లలంతా దీని వెంట పడుతున్నారు కాబట్టి నా అనుమానాలు దాచుకోకుండా చెబుతాను. ఇలాంటి చోట్ల చాలావరకు నేర్పేది మిషను వాడకం. ఫైలు చదవడం, ఇంకెవరికో పంపడం, వాళ్లు మార్చి పంపిన ఫైలును తిరిగి ఎక్కించడం. ఈ రంగంలో స్లేవ్ టూల్ అనే రకం మిషను ఉంటుంది. దాంతో చదివిన ఫైలు తాళం వేసి వస్తుంది, మాస్టర్ టూల్ ఉన్నవాడే దాన్ని తెరవగలడు. మీవాడు లక్ష కట్టి అలాంటి మిషనుతో ఇంటికొస్తే, కస్టమరు కారులో ఏం మారిందో తనకే తెలియకుండా ఎక్కిస్తుంటాడు. ఇంజన్ పోయిన రోజున కస్టమరు పట్టుకునేది మాత్రం మీవాడి చొక్కానే. ఇంజన్ శక్తిని కొలిచే డైనో మిషను మీద కొలవకుండా ‘30 హార్స్‌పవర్ పెరిగింది’ అనేవాళ్లను నేను నమ్మను, మీవాణ్ణీ నమ్మొద్దనండి. ఆరు నెలల తర్వాత కాలిపోయిన క్లచ్ ప్లేటును ఏ రీలూ చూపించదు.

చట్టం సంగతి కూడా ఉంది. తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం అనుమతి లేని మార్పు చేస్తే బండి యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా, లేదా రెండూ. యజమాని అంటే ఇక్కడ మీరు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 పొగ ప్రమాణాలు వచ్చాయి. మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టరును తీసేయండి, పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్‌ను మూసేయండి అని అడిగే కస్టమర్లు రీమ్యాపింగ్ షాపుకు తప్పకుండా వస్తారు. ఆ పని ఎంత డబ్బిచ్చినా చేయకూడదని మీవాడికి ఇప్పుడే గట్టిగా చెప్పండి. ఆ పొగ మనూళ్లో పిల్లలు పీల్చే గాలిలోకే పోతుంది. 2015లో బయటపడ్డ ఫోక్స్‌వ్యాగన్ వ్యవహారం ఇలాంటి ఇంజన్ సాఫ్ట్‌వేర్ గురించే. పరీక్షలో ఒకలా, రోడ్డు మీద ఇంకోలా నడిచేలా రాశారు. 2017లో అమెరికా కోర్టు ఆ కంపెనీ ఇంజనీరు ఒకరికి 40 నెలల జైలుశిక్ష వేసింది.

ఇప్పుడు మీతో నాలుగు మాటలు. కోపం తెచ్చుకున్నా ఫర్వాలేదు. కొడుకు కంప్యూటర్ ముందు కూర్చోవాలని మీ కోరిక. వాడు కూర్చుంటానంటున్నదీ కంప్యూటర్ ముందే, కాకపోతే అది కారులో ఉంది. మొగిలి ఘాట్‌లో రాత్రిపూట బండి ఆగిపోతే మీరు ఫోన్ చేసేది ఎవరికి? ఆ మెకానిక్ వచ్చి బండి కదిలిస్తే చేతులెత్తి దండం పెడతారు. అదే పని మీ ఇంటి పిల్లవాడు చేస్తే తల దించుకుంటారా? మీరు ‘షెడ్డు’ అని తీసిపారేసిన ప్రతిసారీ వాడు ఆ పది రోజుల కోర్సు వైపు ఒక అడుగు వేస్తున్నాడు, ఎందుకంటే అక్కడ వాడి ఇష్టాన్ని ఎవరూ వెక్కిరించరు. ముందు ఆ మాట మానేయండి.

మీవాడు ఇష్టపడుతున్న పనిని కంపెనీల్లో క్యాలిబ్రేషన్ అంటారు. కొత్త ఇంజన్ మార్కెట్లోకి రాకముందు ఎండలో, చలిలో, ఎత్తైన కొండల మీద నడిపి ఒక్కో గడిలో ఏ అంకె ఉండాలో తేల్చే పని. బెంగళూరులో బాష్ సాఫ్ట్‌వేర్ విభాగం, చెంగల్పట్టు దగ్గర మహీంద్రా రీసెర్చ్ వ్యాలీ, పుణేలో వాహన పరిశోధన సంస్థ ఏఆర్ఏఐ, చెన్నై పక్కన ఒరగడంలో ఉన్న వాహన పరీక్షల కేంద్రం జీఏఆర్సీ లాంటి చోట్ల ఇంజన్లు, వాహనాల మీద అభివృద్ధి, పరీక్షలు జరుగుతాయి. చిత్తూరు నుంచి చూస్తే వీటిలో చాలావరకు బస్సు దూరమే. మన పక్కనే శ్రీసిటీలో 2016 నుంచి ఇసుజు ప్లాంటు ఉంది, మాదన్నపాలెంలో హీరో ప్లాంటు ఉంది. ప్లాంటంటే తయారీ, అంకెలు తేల్చే పని సాధారణంగా అక్కడ జరగదు. అయినా ఈసీయూ లోపాలు చదవగలిగిన డిప్లొమా కుర్రాడికి ప్లాంట్లలోనూ సర్వీసు సెంటర్లలోనూ విలువ ఉంటుంది. క్యాలిబ్రేషన్ టీముల్లోకి వెళ్లాలంటే మాత్రం మామూలుగా బీటెక్ అడుగుతారు. మీరడిగిన పోలికకు నా జవాబు ఇదే: వాడికి ఇష్టమైన పనికే బీటెక్ కావాలి. మీ ఇద్దరి మధ్యా గొడవ పడాల్సినంత తేడా లేదు.

కాలేజీ చూడ్డానికి వెళ్లినప్పుడు గోడ మీద ప్లేస్‌మెంట్ ఫొటోలు చూసి తిరిగి రాకండి, వర్క్‌షాపు తెరిపించి చూడండి. ఫార్ములా భారత్ అనే విద్యార్థుల రేసు కార్ల పోటీకి కారు తయారుచేసే టీము ఉందా అని విద్యార్థులనే అడగండి. ఆ కార్లకు ఇంజన్ ట్యూన్ చేసే కుర్రాడు కావాలి. తప్పు చేస్తూ నేర్చుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు.

ఎలక్ట్రిక్ బండ్లు వస్తే ఈ విద్య వృథా కాదా అని మీరు తప్పకుండా అడుగుతారు. డీజిల్ పట్టికల అవసరం తగ్గుతుంది, నిజమే. మోటార్ కంట్రోలర్లోనూ, బ్యాటరీని కాపలా కాసే బీఎంఎస్‌లోనూ ఇలాంటి లెక్కలే ఉంటాయి. బండిలోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ బస్ అనే వైర్ల దారీ ఇలాంటిదే. పక్కనే తిరుపతి దగ్గర కరకంబాడిలో అమరరాజా బ్యాటరీలు చేస్తుంటే మీరు దీనికి భయపడకండి.

ఇంట్లో కారు మీద ఇప్పుడే ఏమీ రాయనివ్వకండి, చదవనివ్వండి. తక్కువ ధరకే దొరికే బ్లూటూత్ ఓబీడీ అడాప్టరు కొనివ్వండి. మీరు నడపండి, వాడు పక్కన కూర్చుని మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు టర్బో ప్రెషరు, రైలు ప్రెషరు, కూలెంట్ వేడి లాగ్ చేస్తాడు. ఇంటికొచ్చాక ఏ మలుపులో ఏ అంకె ఎందుకు మారిందో మీకు వివరించమనండి. అర్థమైనా కాకపోయినా పూర్తిగా వినండి. అంకెలు రాయాలన్న ఆత్రం తీరాలంటే స్క్రాపులో పాత బైకు ఇంజన్ తెచ్చుకుని, ఆర్డుయినో అనే చిన్న సర్క్యూట్ బోర్డు మీద నడిచే స్పీడుయినో అనే ఓపెన్ సోర్స్ ఈసీయూ కట్టుకోమనండి. అది పాడైనా ఇంటిల్లిపాదికీ ఉన్న ఒక్క కారూ ఆగిపోదు.

ఆ లక్ష ఇప్పుడు కట్టకండి. ఈసెట్ దరఖాస్తు మాత్రం గడువు లోపల పెట్టించండి.