టేకు చెక్కకు జిగురు ఎందుకు నిలవదు?

ప్రశ్న: బల్ల చేసుకుందామని బాగా ఎండిన టేకు పలకలు తెచ్చుకున్నాను. చిత్రిక పడుతుంటే కత్తి త్వరగా మొద్దుబారుతోంది. జిగురు పెట్టి అతికిన అంచులు రెండు చోట్ల విడిపోయాయి. ఒక పలక అంచు తెల్లగా ఉంది. నాకు నాసిరకం చెక్క ఇచ్చారంటారా?
– ఒక పాఠకుడు

జవాబు: మీరు రాసిన మొదటి రెండు ఇబ్బందులూ టేకు స్వభావమే గాని లోపాలు కావు, చూడవలసింది ఆ తెల్లటి అంచునే.

టేకులో సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే, సహజంగా ఉంటుంది. అందుకే ఘనమీటరుకు సుమారు 650 కిలోలు మాత్రమే తూగే ఈ చెక్క, తనకన్నా గట్టి కర్రలకంటే త్వరగా పనిముట్ల పదును తీసేస్తుంది. చిత్రిక కత్తి పూర్తిగా మొద్దుబారేదాకా ఆగకుండా మధ్యమధ్యలో సానపట్టండి. యంత్రపు రంపమైతే కార్బైడ్ (ఉక్కు కంటే గట్టి పదార్థం) పళ్లది వాడండి. ఈ పొడి కొందరికి ఒంటిమీద దురద పుట్టిస్తుంది కనుక ముక్కుకు మాస్కు, ఒంటికి నిండు చేతుల చొక్కా తప్పనిసరి.

ఇక జిగురు సంగతి. అప్పుడే చిత్రిక పట్టిన టేకు మీద వేలు రాస్తే మైనం పూసినట్టు నున్నగా, జిడ్డుగా తగులుతుంది, తోలును పోలిన వాసన వస్తుంది. ఆ జిడ్డు టేకులో సహజంగా ఉండే నూనె. అది పైకి ఊరి జిగురును చెక్కలోకి దిగనివ్వదు. అయినా దాన్ని తిట్టుకోకండి. నీటినీ చెదలనూ తట్టుకునే శక్తిలో దానికీ పాలు ఉంది, ఓడల డెక్కుకు (పైన నడిచే నేలకు) తరతరాలుగా టేకునే కోరుకోవడానికి అదొక కారణం. పచ్చికర్ర ఎండేటప్పుడు కూడా టేకు తక్కువగానే కుంచించుకుపోతుంది కాబట్టి, దానితో చేసిన సొరుగు వానాకాలంలో బిగుసుకుపోవడం అరుదు. నా మటుకు టేకులోని అసలు గొప్పతనం దాని రంగు కాదు, ఈ నిలకడే.

తెల్లటి అంచు చేవ (మాను నడిమి ముదురు రంగు కర్ర) తేలని భాగం. చెదలను ఆపే గుణం చేవకే ఉంటుంది, ఈ తెల్ల భాగానికి ఉండదు, కోసి తీసేయండి.

విడిపోయిన అంచుల మీది పాత జిగురు పూర్తిగా పోయేలా మళ్లీ చిత్రిక పట్టి, దగ్గరలో నిప్పు లేకుండా చూసుకుని, నూనెను కరిగించే ద్రావకమైన అసిటోన్‌లో తడిపిన గుడ్డతో తుడిచి, అది ఆవిరైన వెంటనే జిగురు రాసి బిగించండి. మర్నాటికి వాయిదా వేస్తే నూనె మళ్లీ పైకి ఊరుతుంది.