ఫిజీలో యంగోనా, టోంగాలో కావా, హవాయిలో అవా: ఇవి వేర్వేరు పానీయాలా?

కావు, ఈ మూడు పేర్లూ, పసిఫిక్‌లోనే ఉన్న పోన్‌పే దీవిలో వినిపించే 'సకావ్' అనే పేరూ, మిరియాల కుటుంబానికి చెంది మన తమలపాకుకు దగ్గరి చుట్టమైన ఒకే మొక్క వేరుతో చేసే పానీయానివే. టోంగా, సమోవా, హవాయి ఉన్న పసిఫిక్ దీవుల ప్రాంతమైన పాలినీషియా భాషలన్నీ ఒకే మూలభాష నుంచి చీలినవి కాగా, అందులోని 'క' ధ్వని టోంగాలో నిలిచింది, సమోవా, హవాయి భాషల్లో మాత్రం గొంతులో క్షణకాలం ఆగే నొక్కుగా మారింది. అందుకే టోంగాలో చేపను 'ఇకా' అంటే ఆ రెండు చోట్లా 'ఇఆ' అంటారు. 'కావా' కూడా అదే దారిలో 'అవా' అయింది. ఫిజీ పేరు ఈ వరుసలోకి రాదు.

తయారీలో తేడాలు మాత్రం నిజంగానే ఉన్నాయి. ఫిజీలో ఎండువేరు పొడిని గుడ్డలో కట్టి, 'తనోఆ' అనే చెక్కపాత్రలోని నీటిలో పిసికి, కొబ్బరి చిప్పలతో అందిస్తారు. పోన్‌పేలో పచ్చివేరును బల్లపరుపు రాతిపై దంచి, మందార జాతి చెట్టు నారలో చుట్టి పిండుతారు కనుక అది చిక్కగా, జిగటగా వస్తుంది.

దీన్ని కల్లులాంటి పానీయమని చాలామంది పొరబడతారు గానీ, పులియబెట్టరు కనుక ఇందులో ఆల్కహాల్ ఉండదు; నాలుక తిమ్మిరెక్కడం, ఒళ్ళు సడలడం వేరులోని కావాలాక్టోన్లనే రసాయనాల ప్రభావమే.