నీళ్లు అడుగు, లేవకు

చిత్తూరు

తల్లీ,

ప్రభువు నామంలో నీకు శుభాలు. తిరుపతి నుంచి నువ్వు రాసిన ఉత్తరం రెండుసార్లు చదివాను. నడుము నొప్పితో మూడు నెలలుగా మంచం మీదే ఉన్నానని, నా విశ్వాసం చాలకే బాగుపడలేదేమో అని రాశావు. ఆ మాట ఇంకెప్పుడూ అనకు. ఇంటికొచ్చి ప్రార్థన చేసేవాళ్లు అన్నా నమ్మకు.

శరీరంలోని ముల్లు తీసేయమని అపొస్తలుడైన పౌలు ప్రభువును మూడుసార్లు వేడుకున్నాడు. ఆయనకు విశ్వాసం తక్కువా? ముల్లు పోలేదు. "నా కృప నీకు చాలును" అన్న జవాబు వచ్చింది. ఆ ముల్లు ఏమిటో ఆయన ఎక్కడా చెప్పలేదు. అందుకే నీ నడుముకూ నా చేతికీ అందులో చోటుందనుకుంటాను.

పక్షవాతం వచ్చాక నా కుడిచెయ్యి వణుకుతూనే ఉంది కదా. రొట్టె, ద్రాక్షారసం పంచే ప్రభు భోజనం ఉన్న ఆదివారాల్లో ఏడాదిపాటు మందిరానికి వెళ్లలేదు. సిగ్గు. చివరికి ఒకరోజు వెళ్లాను. చిన్న గ్లాసు వేళ్ల మధ్య వణికి, ద్రాక్షారసం చీర కుచ్చిళ్ల మీద ఒలికింది. పక్కన కూర్చున్న పూలమ్మే ఆమె ఒక్క మాటా అనకుండా తన అరచెయ్యి నా చేతి కింద పెట్టింది. మల్లెపూల వాసన. మిగిలిన గుక్క అలాగే తాగాను. ఇరవై ఏళ్లు స్త్రీల సమాజంలో అందరి కోసం ప్రార్థించినదాన్ని, ఆమె పేరు అడిగింది మాత్రం ఆ రోజే.

ప్రార్థనకు పెద్ద మాటలు వెతకకు. "లేవలేకపోతున్నాను ప్రభువా" అను. అదీ రాకపోతే మూలుగు. మాటల్లో చెప్పలేని మూలుగులతో ఆత్మే మన కోసం విజ్ఞాపన చేస్తాడని రోమా పత్రిక 8వ అధ్యాయంలో ఉంది.

మందులు మానకు. వేలూరు సీఎంసీ ఆసుపత్రికి వెళ్లి చూపించుకో. అక్కడ పనిచేసిన డాక్టర్ మేరీ వర్గీస్‌కు 1954లో ప్రమాదం జరిగి కాళ్లు చచ్చుబడ్డాయి. తర్వాత తాను చక్రాల కుర్చీలో కూర్చుని, కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. కాళ్లు మాత్రం తిరిగి రాలేదు. ఎవరికైనా ఆమె సంగతి చెప్పేటప్పుడు ఈ రెండో మాట దాచకు.

సండే స్కూలు పిల్లలను నీ మంచం దగ్గరికే పిలిపించు. ఇద్దరొచ్చినా చాలు. వాక్యం వాళ్లచేతే చదివించు. దాహమైతే నీళ్లు వాళ్లనే అడుగు, నువ్వు లేవకు.

ప్రేమతో,
పెద్దమ్మ