డయాలసిస్ మెషిన్ ఉన్నా ఒంట్లో నీరంతా ఒక్క రోజులో ఎందుకు తీసేయరు?

ఐసీయూలో ఉన్న మీ నాన్నగారికి ఒళ్లంతా వాచినా నీరు నెమ్మదిగానే తీస్తున్నారని అడిగారు. మెషిన్ వేగంగానే తీయగలదు, ఆ వేగాన్ని ఆయన గుండె తట్టుకోవాలి కదండీ.

డయాలసిస్ నీటిని లాగేది రక్తంలోంచి మాత్రమే. వాపుగా కనిపించే నీరు రక్తనాళాల బయట, కణజాలంలో ఉంటుంది. అది మళ్లీ రక్తంలోకి చేరడానికి టైం పడుతుంది. సెప్సిస్ (ఇన్ఫెక్షన్ వల్ల ఒళ్లంతా దెబ్బతినే స్థితి) ఉంటే ఇంకా నెమ్మది. ఆ వేగాన్ని మించి లాగితే వాపు అలాగే ఉండి బీపీ పడిపోతుంది. గుండెకు, పేగులకు, కోలుకోవాల్సిన కిడ్నీలకు కూడా రక్తం చాలదు.

అందుకే బీపీ నిలకడగా లేనివాళ్లకు చాలాచోట్ల 24 గంటలూ నెమ్మదిగా నడిచే డయాలసిస్ (సీఆర్ఆర్‌టీ) పెడతారు. కొన్ని అధ్యయనాల్లో, కిలో బరువుకు గంటకు 1.75 మి.లీ. కంటే ఎక్కువ నీరు నికరంగా (లోపలికి వెళ్లింది పోగా) తీసిన రోగుల్లో మరణాలు ఎక్కువగా కనిపించాయి. అవి పరిశీలన అధ్యయనాలే, కారణాన్ని రుజువు చేయవు. అయినా జాగ్రత్తపడటమే మంచిదని నా అభిప్రాయం. 70 కిలోల మనిషికి ఆ 1.75 లెక్క గంటకు దాదాపు 120 మి.లీ.

ఇక్కడ ‘నికరం’ ముఖ్యం. మందులు, ట్యూబ్ ఫీడ్ కలిపి గంటకు 100 మి.లీ. లోపలికి వెళ్తుంటే, నికరంగా 100 తగ్గాలంటే మొత్తం 200 బయటకు రావాలి.

అలాగని నీరు వదిలేయకూడదు, ఊపిరితిత్తుల్లో చేరితే వెంటిలేటర్ తీయడం కష్టం. ఈరోజు నికర లక్ష్యం ఎంతో, నిన్నటిది అందుకున్నారో డాక్టర్‌ని తప్పకుండా అడగండి.